వేలాడే మాటల ముఠా

గడియారాల మెకానిక్ ప్రాణం పోయే సమయానికి అతని దుకాణంలో గోడ గడియారాలన్నీ నిక్షేపంగా నడుస్తున్నాయి. పట్టపగలు. వీధి నిండా జనం. అతను కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, బల్ల కింద దాచిన వైర్‌లెస్ సెట్‌లోకి వంగి రెండే మాటలు చెప్పాడు.

"పెనాల్టీ సిద్ధం."

అవతల నుంచి ఒక మగ గొంతు, వెనక బెంచీ పిల్లాడికి పాఠం చెప్పినంత ఓపిగ్గా పలికింది.

"పెనాల్టీ మన ఇంటిది కాదు నాయనా. అది 'పోయెనా' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. శిక్ష అని అర్థం. మన ఇల్లు వేరు. ఈ మాత్రం తేడా తెలియనివాడివి మన దగ్గరికి ఎలా చేరావు?"

మెకానిక్ చెయ్యి సెట్ మీట మీదికి పోయింది. తలుపు తెరుచుకుంది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఒక్కసారి దగ్గింది. అతను బల్ల మీదికి ఒరిగిపోయాడు. గడియారాలు మాత్రం ఆగలేదు.

ఆ మర్నాడు పొద్దున చీఫ్ తన గదిలో ఆ టేపు వినిపించి, మీట నొక్కి ఆపేశాడు.

"విన్నావుగా?"

ఎదురుగా నిలబడ్డవాడు తల ఊపాడు. శాఖలో అతన్ని అందరూ సేల్స్‌మన్ అంటారు. పైకి స్టేషనరీ కంపెనీ సేల్స్‌మన్, లోపల సీక్రెట్ ఏజెంట్. చంకలో శాంపిళ్ల బ్యాగ్, జేబులో అరడజను పెన్సిళ్లు ఎప్పుడూ ఉంటాయి. మూడు నెలలుగా అతను సస్పెన్షన్‌లో ఉన్నాడు. పారిపోతున్న శత్రువు కారుకు అడ్డం పెట్టబోయి, చేతికందిన మరో కారును నదిలోకి తోసేశాడు. అది చీఫ్‌గారు అప్పుడే కొనుక్కున్న కొత్త కారు.

"మెకానిక్ మన మనిషి సార్. నాకు ట్రైనింగ్ ఇచ్చినవాడు," అన్నాడు.

"నాకూ స్నేహితుడే. ఏడవడానికి టైము లేదు. కూర్చో."

సేల్స్‌మన్ కూర్చున్నాడు. చీఫ్ గబగబా చెప్పుకుపోయాడు.

"ఈ గొంతు ప్రొఫెసర్‌ది. ఒకప్పుడు డిక్షనరీలు రాసేవాడు. ఇప్పుడు పరాయి దేశం డబ్బిస్తే మనుషుల్ని లేపేసే ముఠా నడుపుతున్నాడు. ముఖం ఎలా ఉంటుందో ముఠాలో వాళ్లకే తెలీదు. చేరిన ప్రతివాడికీ రేడియోలో స్వయంగా పాఠం చెబుతాడు. వాళ్ల కోడ్ మాటలన్నీ ఇంగ్లీషువే, కానీ ఒకే లాటిన్ తల్లికి పుట్టినవి. పెండెరె. వేలాడటం అని అర్థం."

"ఉదాహరణకి?"

"పెండింగ్ అంటే ఆగు. డిపెండ్ అంటే ఈ మనిషిని నమ్మొచ్చు. అపెండిక్స్ అంటే అదనపు మనిషి. సస్పెండ్ అంటే చంపెయ్."

"నన్ను మీరు మూడు నెలల కిందటే చంపేశారన్నమాట."

చీఫ్ నవ్వలేదు. "ఇవాళ తెల్లారి దొరికిన మెసేజ్ ఇది. 'ఇంపెండింగ్. పెండ్యులం మధ్యకు రాగానే సస్పెండ్.' ఇంపెండింగ్ అంటే గడియ దగ్గరపడిందని. పెండ్యులం ఏంటో ఇందాకే తెలిసింది."

అతను పేపర్ ముందుకు జరిపాడు. మొదటి పేజీలో ఫొటో. లోతైన లోయ మీద ఈ కొండ నుంచి ఆ కొండకు కొత్త రోప్‌వే. నడుస్తున్న యుద్ధం ఆపడానికి రెండు పొరుగు దేశాల మంత్రులు ఇవాళ ఒకే క్యాబిన్‌లో ఎక్కి అవతలి కొండకు వెళ్లి సంతకాలు పెడతారట. క్యాబిన్ తలుపు దగ్గర నీలం యూనిఫాం వేసుకుని, టోపీ కొంచెం పక్కకు పెట్టుకుని, ఒకావిడ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.

సేల్స్‌మన్ ఆ నవ్వు మీద వేలు పెట్టాడు.

"మా అక్క సార్," అన్నాడు.

"తెలుసు."

అమ్మానాన్న పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆ అక్కే. ఏళ్ల తరబడి బస్సు కండక్టరుగా నిలబడి నిలబడి అరికాళ్లు అరగదీసుకుంది. నేల మీద తిరిగింది చాలు, ఇక గాల్లో తిరుగుతానని ఈ ఉద్యోగంలో చేరింది. తమ్ముడు పెన్సిళ్లు అమ్ముకుని బతుకుతున్నాడనే ఆమెకు తెలుసు. ఆ బెంగ ఆమెకు ఒక పట్టాన వదల్లేదు.

"ఆపించండి సార్! మంత్రుల్ని ఎక్కనివ్వకండి!"

"ఆపితే ప్రొఫెసర్‌కి తెలిసిపోతుంది. స్టేషన్ నిండా జనం. వాడు అక్కడే ఉండి చూస్తుంటాడు, బటన్ వాడి చేతిలో ఉంటుంది. పైగా మన శాఖలోనే ఎవడో వాడికి అమ్ముడుపోయాడు. ముఠాలో చేరిన మెకానిక్ మన మనిషన్న సంగతి అందుకే బయటికి పొక్కింది. ఇప్పుడు డ్యూటీ రికార్డుల్లో లేని ఏజెంట్‌వి నువ్వొక్కడివే. కాబట్టి నీ సస్పెన్షన్ నాకిప్పుడు వరం." చీఫ్ లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "అక్కడ నీకొక మనిషి కలుస్తుంది. పెండెంట్ అంటారు. ముఠాకి కొరియర్, మనకీ కొరియర్. అసలు ఎవరి మనిషో నాకే పూర్తిగా తెలీదు. జాగ్రత్త."

రోప్‌వే స్టేషన్ మిద్దె మీద ఇసుక వేస్తే రాలనంత జనం. జెండాలు, కెమెరాలు, బెలూన్లవాళ్లు, పళ్లవాళ్లు. ఆకుపచ్చ గౌను వేసుకుని, నల్ల కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ రెయిలింగ్‌కు ఆనుకుని నిలబడింది. చుట్టుపక్కల మగవాళ్లలో సగం మంది లోయను చూడటం మానేసి ఆమెనే చూస్తున్నారు. మెడలో వేలెడంత వెండి లాకెట్.

సేల్స్‌మన్ పక్కన నిలబడి సంకేతం చెప్పాడు. "మా ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయిందండీ."

"వేలాడి వేలాడి విసుగొచ్చిందేమో," అని ఆమె బదులిచ్చింది. వెంటనే గొంతు తగ్గించింది. "ఆలస్యంగా వచ్చారు. మంత్రులు తొందరపడి ముందే ఎక్కేశారు."

అతను లోయకేసి చూశాడు. క్యాబిన్ అప్పటికే స్టేషన్ వదిలి చాలా దూరం పోయింది. కిటికీలో నీలం టోపీ ఒకటి చుక్కలా కనిపిస్తోంది.

"బాంబు క్యాబిన్‌లోనా?"

"కాదు. నాతో రండి."

ఆమె అతన్ని మెట్లు దింపి స్టేషన్ అడుగున ఒక చీకటి గది దగ్గరికి తీసుకెళ్లింది. లోపల బావిలాంటి గొయ్యి. అందులో లారీ అంత కాంక్రీటు దిమ్మ ఒకటి ఇనుప తాడుకు వేలాడుతోంది. ఆ దిమ్మ బరువుకే పైన లోయ మీది తీగ బిగుసుకుని ఉంటుంది. ఈ తాడు తెగితే ఆ తీగ వదులైపోతుంది. క్యాబిన్ తిన్నగా లోయ అడుక్కి పోతుంది.

తాడు మొదట్లో ఉక్కు పెట్టె ఒకటి కరుచుకుని ఉంది. చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది.

"ముట్టుకోకండి. విప్పబోతే పేలుతుంది," అంది పెండెంట్. "దీన్ని ఇక్కడికి చేర్చింది నేనే. కెమెరా సామాను అని చెప్పారు. నమ్మాను. ఈ పొద్దునే తెలిసింది."

సేల్స్‌మన్ ఆమె ముఖంలోకి చూశాడు. నల్ల కళ్లజోడు వెనక ఏముందో తెలియలేదు. నమ్మితే అక్క పోవచ్చు, నమ్మకపోతే అక్క తప్పకుండా పోతుంది. అందుకని నమ్మాడు.

"అంటే, బటన్ ఉన్నవాణ్ని పట్టుకోవడం తప్ప దారి లేదు."

"లేదు. ఆయన మిద్దె మీదే ఉంటాడు, క్యాబిన్ కనిపించేచోట. నా లాకెట్ లోపల చిన్న బల్బు ఉంది. ఆయన రేడియోలో మాట్లాడుతున్నంతసేపూ వెలుగుతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ వెలుగు పెరుగుతుంది. మీ గడియారాల మెకానిక్ చేసిచ్చాడు." ఆ మాట దగ్గర ఆమె లాకెట్‌ను గుప్పిట్లో బిగించింది. "కానీ పొద్దున్నుంచి ఆయన నోరు విప్పలేదు. పని అయ్యేదాకా విప్పడు."

కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్‌కు చీఫ్ ఇచ్చిన పాస్ చూపించి సేల్స్‌మన్ అతని చెవిలో రెండు మాటలు చెప్పాడు. ఆపరేటర్ బ్రేకుకేసి చెయ్యి చాచాడు. సేల్స్‌మన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆపితే ప్రొఫెసర్ అప్పుడే నొక్కేస్తాడు. పోనిస్తే మధ్యలో నొక్కేస్తాడు. అందుకని వేగం తగ్గించడం ఒక్కటే మిగిలింది, అదీ బయటివాళ్లు పసిగట్టనంత మెల్లగా. ఆపరేటర్ పిడిని కొద్దికొద్దిగా వెనక్కి లాగాడు.

బల్ల మీది ఫోన్ మోగింది. క్యాబిన్ నుంచి.

"కంట్రోలూ! ఏంటయ్యా ఈ నత్త నడక? మంత్రుల ముందు నా పరువు తీస్తున్నారు! కాస్త స్పీడు పెంచండి!"

సేల్స్‌మన్ ఫోన్ లాక్కున్నాడు. "అక్కా..."

"ఒరేయ్, నువ్వా? అక్కడేం చేస్తున్నావురా?"

"పెన్సిళ్లు... ఆఫీసువాళ్లకి శాంపిళ్లు ఇవ్వడానికి వచ్చానక్కా."

"బావుంది సంబడం. పొద్దున ఏమైనా తిన్నావా?"

అతను రిసీవర్‌ను చెవికి నొక్కుకున్నాడు. చెప్పేయాలనిపించింది. చెబితే ఆమె చేయగలిగింది ఏమీ లేదు, భయపడటం తప్ప. లోయ మధ్యలో వేలాడుతూ కూడా తన తిండి గురించి అడిగే మనిషికి ఆ భయం ఇవ్వడం అతని వల్ల కాలేదు.

"తిన్నానక్కా. నువ్వు... జాగ్రత్తగా పట్టుకుని నిలబడు."

"కండక్టరుకి నిలబడటం నేర్పుతున్నావా? పెట్టెయ్, డ్యూటీలో ఉన్నాను."

ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకున్నాడు. కిటికీలోంచి తీగ మధ్యలో కట్టిన ఎర్ర జెండా కనిపిస్తోంది. క్యాబిన్ దానివైపు పాకుతోంది. ఎంత మెల్లగా పోయినా పోతూనే ఉంది. అతను జేబులో చెయ్యి పెట్టాడు. పిస్టల్ తగిలింది. ఎవరిని కాల్చాలో తెలియని పిస్టల్ ఎందుకు? దాని పక్కన పెన్సిళ్లు తగిలాయి.

టేపులోని గొంతు చెవిలో మళ్లీ వినిపించింది. పెనాల్టీ మన ఇంటిది కాదు నాయనా.

"పెండెంట్‌గారూ! మెకానిక్‌ని చంపేముందు ఆయన తప్పెందుకు దిద్దాడు? మాట్లాడకుండా చంపొచ్చుగా?"

"ఆయన అంతే. తప్పు మాట వింటే ఒళ్లంతా జెర్రులు పాకుతాయి. ముందు దిద్దుతాడు, తర్వాతే చంపుతాడు. మా పాఠాలన్నీ అలాగే..." ఆమె సగంలో ఆగింది. కళ్లజోడు తీసింది. అర్థమైన కళ్లతో అతన్ని చూసింది.

"మీ రేడియో ఇవ్వండి. నేనెవరినని చెప్పను?"

"అపెండిక్స్. కొత్తగా చేరినవాడు, పాఠాలు విన్నాడే గాని ఆయనతో ఇంకా మాట్లాడలేదు. రాత్రి మీవాళ్లకి దొరికిపోయాడని ఆయనకి ఇంకా తెలీదు."

ఇద్దరూ మిద్దె మీదికి పరుగెత్తారు. అగ్గిపెట్టెంత రేడియోను సేల్స్‌మన్ అరచేతిలో దాచి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అపెండిక్స్ మాట్లాడుతున్నా. పెన్సిల్‌కి అంతా సిద్ధం."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. లాకెట్ వెలగలేదు.

"పెన్సిల్ మొదలుపెట్టమంటారా సార్?"

ఏమీ లేదు. క్యాబిన్ జెండాను సమీపిస్తోంది. ఇక ఒక్క అవకాశం ఉంది. తప్పు మాట చాలలేదు. తప్పు పాఠం చెప్పాలి.

"పెన్సిల్ అంటే చేతివేళ్లకి వేలాడేది కదా సార్. అందుకే దానికా పేరు. మీ పాఠమే."

"నా పాఠమా?"

లాకెట్‌లో మిణుగురంత వెలుగు పుట్టింది.

"మూర్ఖుడా! నేనెప్పుడు చెప్పాను? పెన్సిల్ అంటే పెనిసిల్లుస్! చిన్న తోక! కుంచెకి ఆ పేరు. తోక, వింటున్నావా? వేలాడటం కాదు!"

పెండెంట్ ఎడమవైపు నడిచింది. వెలుగు తగ్గింది. కుడివైపు తిరిగింది. పెరిగింది.

"తోక వేలాడదా సార్?" అన్నాడు సేల్స్‌మన్, జనాన్ని మోచేతుల్తో తోసుకుంటూ.

"వేలాడేదల్లా మన ఇంటిది కాదు! పుట్టుక ముఖ్యం! పుట్టుక!"

"అయితే పెంట్‌హౌస్ కూడా మనది కాదు. అందులో పెండ్ లేదుగా."

"ఆఁ! అదే! అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు!" గొంతు ఒక్కసారిగా మెత్తబడింది, ముద్దుల మనవరాలి గురించి చెబుతున్నంతగా. "అది మనదే. అచ్చంగా మనదే. అపెండీసియం. పెద్దింటి గోడకి తగిలించిన చిన్న పంచ. జనం నోట్లో నలిగి రూపం మారింది. పాన్సీ పువ్వు తెలుసా? అదీ మన పిల్లే. పెన్సివ్, పెన్షన్, ఎక్స్‌పెన్స్..."

లాకెట్ ఇప్పుడు దీపంలా ఉంది. పెండెంట్ దాన్ని గుప్పిట్లో దాచి వేళ్ల సందుల్లోంచి చూస్తోంది. ఇక అడగాల్సిన పని లేకుండా పోయింది. ఏళ్ల తరబడి ముఠావాళ్లకు తప్ప ఎవరికీ పాఠం చెప్పుకోలేని మాస్టారికి ఒక తెలివితక్కువ శిష్యుడు దొరికాడు. ఆయన ఆగే స్థితిలో లేడు.

"... పెన్షన్‌కీ వేలాడటానికీ సంబంధం ఏంటంటావేమో. వెనకటికి లోహాన్ని వేలాడదీసి తూచేవారు. తూచి చెల్లించేవారు. వేలాడటం, తూచడం, చెల్లించడం, మూడూ ఒకే తల్లి బిడ్డలు. తక్కెడని చూశావా ఎప్పుడైనా శ్రద్ధగా?"

సేల్స్‌మన్ చూశాడు. రెయిలింగ్ మూలన పళ్ల బండి. బండి మీద కర్రకు వేలాడదీసిన పాత తక్కెడ. తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు లోయ వైపు చూస్తూ, గడ్డం చొక్కా కాలర్‌లో దూర్చి గొణుక్కుంటున్నాడు. ఇంత జనంలో ఆయన దగ్గర ఒక్క పండు కూడా అమ్ముడుపోలేదు. గుట్ట చెక్కు చెదరలేదు. తక్కెడ పళ్లెంలో నల్లటి తూకంరాయి ఉంది, రాయికి పక్కగా చిన్న మీట ఉంది.

క్యాబిన్ ముక్కు ఎర్ర జెండాను తాకింది.

ముసలాయన మాట ఆపాడు. చెయ్యి పళ్లెం మీదికి పోయింది. సేల్స్‌మన్ పిస్టల్ తీయలేదు. తీసి, గురిపెట్టి, కాల్చేంత సమయం లేదు. ఒక బెలూన్లవాణ్ని పడదోసి, పళ్ల గుట్ట మీదుగా దూకి, చేతికి వచ్చినదాన్ని ఆ మీట కింద దోపాడు.

మీట కిందికి దిగింది. కొయ్య పటపటలాడింది. ప్రొఫెసర్ బొటనవేలు తెల్లబడేలా నొక్కుతున్నాడు. మీట మాత్రం సగంలో ఆగిపోయింది. దాని కింద సగం నలిగిన పసుపు పెన్సిల్ ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది.

"పెండెంట్!" ప్రొఫెసర్ అరిచాడు. "సస్పెండ్!"

సేల్స్‌మన్ వీపుకు చల్లటి గొట్టం ఆనింది. అతను తల తిప్పలేదు. రెండు చేతులతో ఆ రాయిని పట్టుకుని ఉన్నాడు. వదిలితే పెన్సిల్ జారిపోతుంది. కాల్చినా సరే, చచ్చాక కూడా ఈ వేళ్లు విడిపోకూడదని మాత్రం అనుకున్నాడు. కళ్లు నీలం టోపీ మీదే ఉన్నాయి.

గొట్టం అతని వీపు వదిలి ముందుకు వచ్చింది. ముసలాయన నుదుటి మీద ఆగింది.

"మాస్టారూ," అంది పెండెంట్. "ఈ లాకెట్ నాకు చేసిచ్చినవాడు నా మొగుడు. ఆ సంగతి ఎవరికీ తెలీదు. నిన్న మీరు దిద్దింది ఆయన్నే."

ప్రొఫెసర్ ఆమెను చూశాడు. నెమ్మదిగా బొటనవేలు ఎత్తాడు. ఆయన ముఖంలో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "నువ్వు నా మీద డిపెండ్ అయినదానివి," అన్నాడు బలహీనంగా.

"పాఠం అయిపోయింది మాస్టారూ. చేతులెత్తండి."

చీఫ్ పంపిన మఫ్టీ పోలీసులు ఆయన్ని జనం మధ్యలోంచి తీసుకుపోతున్నప్పుడు కూడా, ఎవరో కానిస్టేబుల్ "పెనాల్టీ గట్టిగానే పడుతుంది" అంటే, ఆయన ఆగి ఆ మాట సంగతి చెప్పబోయాడు. నెట్టుకుపోయారు. సేల్స్‌మన్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. పెండెంట్ పక్కన చతికిలబడి లాకెట్‌ను రెండు అరచేతుల్లో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెను ఎవరూ పలకరించలేదు. కాసేపటికి కళ్లజోడు పెట్టుకుని, ఏమీ చెప్పకుండా జనంలో కలిసిపోయింది.

జేబులో శాఖ ఇచ్చిన రేడియో పలికింది. చీఫ్.

"శెభాష్. బాంబు నిపుణులు గోతిలోకి దిగి ఆ పెట్టె పని పట్టారు. క్యాబిన్ క్షేమంగా చేరింది."

"నా సస్పెన్షన్ సార్?"

"కారు నాది కదయ్యా. కొంచెం పెండింగ్‌లో ఉండనీ."

సంతకాలయ్యాక తిరుగు ప్రయాణంలో క్యాబిన్ ఇవతలి స్టేషన్‌కు వచ్చి ఆగింది. మంత్రులిద్దరూ నవ్వుకుంటూ దిగారు. వెనకే నీలం యూనిఫాం దిగింది. టోపీ సర్దుకుని, చుట్టూ చూసి, పళ్లు చిందరవందరగా పడున్నచోట మోకాళ్ల మీద దుమ్ముతో కూర్చున్న తమ్ముణ్ని పట్టుకుంది.

"ఏంట్రా ఈ అవతారం? ఎక్కడ పడ్డావు?"

అతను లేచి అక్కను గట్టిగా కావలించుకున్నాడు. ఆమె కంగారుపడింది. ఊరికే కావలించుకునే మనిషి కాదు వాడు.

"ఏమైందిరా? ఉద్యోగం పోయిందా?"

"లేదక్కా."

"పోనీ, పొద్దుటి నుంచి ఒక్క పెన్సిలైనా అమ్ముడుపోయిందా?"

"ఒక్కటి పోయిందక్కా," అన్నాడు సేల్స్‌మన్, కళ్లు తుడుచుకుంటూ. "తీసుకున్నాయనకి మాత్రం అస్సలు నచ్చలేదు."